కొరియన్‌లో ఇంటి మాటలు: లిస్టంతా బట్టీ పట్టాను, తీరా ఇల్లు చూపించేటప్పుడు నోరు పెగల్లేదు

పెన్నాతీరం | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు కొరియన్ కుటుంబాలు బాగానే కనిపిస్తున్నాయి. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి కొరియన్ వచ్చినవాళ్ళకి దుబాసీ పని దొరుకుతోంది. నేనూ ఏడాదిగా సొంతంగా నేర్చుకుంటున్నాను.

పోయిన వారం మాకు తెలిసిన ఇళ్ళ బ్రోకర్ ఫోన్ చేసి, "ఒక కొరియన్ ఆమెకి ఇల్లు చూపించాలి, నువ్వు పక్కనుంటే చాలు పాపా" అన్నాడు. ఇంటి మాటలు అరవై దాకా బట్టీ పట్టి ఉన్నా కదా, ధైర్యంగా వెళ్ళాను.

మొదటి దెబ్బ: రెండు గదులున్నాయని చెప్పడానికి "ప్పాంగ్ తు గే" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వింది. గది అంటే "పాంగ్" అట, ప తేలిగ్గా అనాలి. నేను ఒత్తి పలికింది రొట్టె. రెండు రొట్టెలున్న ఇల్లు చూపిస్తానన్నానన్నమాట.

రెండో దెబ్బ: ఇల్లు ఫస్ట్ ఫ్లోర్‌లో ఉంది. నేను "ఇల్ ఛుంగ్" అన్నాను, అంటే ఒకటో అంతస్తు. నేను బ్రోకర్‌తో మాట్లాడుతూ వెనకబడ్డాను, ఆమె నేరుగా కింది వాటా తలుపు తోసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఓనర్ బనియన్‌తో కూర్చుని రాగిముద్ద తింటున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు వంగి వంగి దండాలు పెట్టుకున్నారు.

తర్వాత చదివితే తెలిసింది, కొరియాలో నేల మీదున్నదే ఒకటో అంతస్తు, మన ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళకి "ఇ ఛుంగ్", రెండోది. లిస్టులో ఈ ముక్క ఎవడూ రాయడు.

నా ప్రశ్న ఇది. ఇంటి మాటలు కాగితం మీద వచ్చు, ఇంట్లో నిలబడితే రావడం లేదు. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

కేడ్రామా_పిచ్చి | సోమవారం, రాత్రి 10:05

రెండు రొట్టెల ఇల్లు!! అక్కా, నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మాది హనుమకొండ, డిగ్రీ రెండో సంవత్సరం. నేనైతే ఇల్లంతా చీటీలు అతికించాను. ఫ్రిజ్ మీద "నేంగ్‌జాంగ్‌గో", కిటికీ మీద "ఛాంగ్‌మున్", దుప్పటి మీద కూడా "ఇబుల్" అని పిన్నుతో గుచ్చాను. వారం తిరిగేసరికి మా నాయనమ్మకి వచ్చేసింది, నాకు రాలేదు. "బిడ్డా, నేంజంగో తలుపు వెయ్, కరెంటు బిల్లు ఎవడు కడ్తడు" అంటుంది. నేను రోజూ చూసీ చూసీ చీటీలు కనిపించడమే మానేశాయి. ఆమె చీటీ చదవలేదు కదా, నన్ను అడిగి చెప్పించుకుంది, వెంటనే ఎవరో ఒకరిని తిట్టడానికి వాడింది. అందుకే వచ్చింది.

టోపిక్‌టెన్షన్ | సోమవారం, రాత్రి 10:31

చీటీలు టైమ్ వేస్ట్. మాటల తోకలు పట్టుకోండి. "గి" తోక ఉంటే యంత్రం: సేతక్‌గి బట్టలుతికేది, ఛోంగ్‌సోగి ఇల్లు ఊడ్చేది, చోంగ్‌సుగి నీళ్ళు శుద్ధి చేసేది, సొన్‌పుంగి ఫ్యాను. "సిల్" ఉంటే గది: కొసిల్ హాలు, యోక్‌సిల్ స్నానాల గది, హ్వాజాంగ్‌సిల్ టాయిలెట్. చివరిదానికి అసలర్థం ముస్తాబు గది. "జాంగ్" ఉంటే బీరువా జాతి: ఓత్‌జాంగ్ బట్టలది, సిన్‌బల్‌జాంగ్ చెప్పులది, ఛేక్‌జాంగ్ పుస్తకాలది. మనకి వంటగది, పడకగది ఉన్నట్టే.

ఒక్క చోట జాగ్రత్త. ఛేక్‌జాంగ్ పుస్తకాల అలమర, ఛేక్‌సాంగ్ రాసుకునే బల్ల. మాక్ టెస్టులో దీనికే మార్కు పోయింది. కొరియన్ భాషా పరీక్ష టోపిక్ ఒకటిలో 200కి 140 వస్తేనే రెండో లెవెల్, నాకు 136 వచ్చాయి. ఆ బల్ల నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మండువాలోగిలి | మంగళవారం, ఉదయం 6:12

అమ్మాయీ, నేను కోనసీమలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉల్సాన్‌లో ఉద్యోగం. వాడి దగ్గర మూడు నెలలు ఉన్నప్పుడు కాలక్షేపానికి మొదలుపెట్టిన చదువు ఇంకా సాగుతోంది.

మీరంతా ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని నేర్చుకుంటున్నట్టున్నారు. అక్కడే చుట్టుదారి పడుతోంది. ఇంగ్లీషువాడికి "ఉరి జిప్" పెద్ద వింత. ఒక్కడే ఉంటూ "మా ఇల్లు" అంటాడేమిటని వాడికి రెండు పేజీల వివరణ కావాలి. మనకెందుకు? ఒంటరిగా ఉన్నవాడు కూడా మా ఇంటికి రండి అంటాడు గానీ నా ఇంటికి రండి అనడు. మా అమ్మ, మా ఆయన, మా ఇల్లు. ఉరి ఒమ్మా, ఉరి నంప్యొన్, ఉరి జిప్. ఒకటే పద్ధతి. ఈ "ఉరి" వినగానే మా ఆవిడ "శుభమా అని ఇల్లు గురించి చెబుతూ ఉరి ఏమిటండీ" అంది, అది వేరే సంగతి.

తేడా ఒకటుంది. మనకి "మా" వేరు, "మన" వేరు. ఉరి రెండింటికీ పనికొస్తుంది. కానీ "చొహి జిప్" అంటే వినేవాడిని కలుపుకోని, వినయంతో కూడిన "మా ఇల్లు". పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అదే వాడాలి. ఎదుటివారి ఇంటిని గౌరవంగా చెప్పాలంటే జిప్ కూడా పనికిరాదు, "తేక్" అనాలి.

ఉంది, లేదు కూడా అంతే. "ఇస్సొయో" ఉంది, "ఒప్సొయో" లేదు. నాకు ఇల్లు ఉంది అన్నా, ఇంట్లో ఉన్నాను అన్నా అదే ఇస్సొయో. మన "ఉండు" ధాతువు చేసే పనే.

నువ్వు తడబడేది విభక్తుల దగ్గర అయి ఉంటుంది. "చిబె కాయో" అంటే ఇంటికి వెళ్తున్నాను. "చిబె ఇస్సొయో" అంటే ఇంట్లో ఉన్నాను. మనకి కి, లో అని రెండు, వాళ్ళకి ఒకటే "ఎ". మళ్ళీ "చిబెసొ కోంగ్‌బుహేయో" అంటే ఇంట్లో చదువుకుంటున్నాను. ఇక్కడ "ఎసొ" వచ్చింది. ఊరికే ఉంటే ఎ, ఏదైనా పని చేస్తే ఎసొ. మన "ఇంట్లో"ని వాళ్ళు రెండు ముక్కలు చేశారు. ఈ ఒక్కటి వదలకుండా పట్టుకో, సగం చిక్కు విడిపోతుంది.

కేడ్రామా_పిచ్చి | మంగళవారం, ఉదయం 8:20

మాస్టారూ, ఒమ్మా అంటే అమ్మ, ఆప్పా అంటే నాన్న, వాక్యం కూడా మనలాగే... అంటే కొరియన్ మన ద్రావిడ భాషల నుంచే పుట్టిందా? రీల్స్‌లో చూశాను.

మండువాలోగిలి | మంగళవారం, ఉదయం 8:55

లేదమ్మా. వందేళ్ళ కిందట హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోల్చి పుస్తకం రాశాడు. భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. అమ్మ లాంటి మాట లోకంలో ఎన్నో భాషల్లో ఉంది, పసిపిల్లల నోట ముందుగా పలికేవాటిలో మకారం ఒకటి. క్రియ చివర రావడం జపానీస్‌లోనూ టర్కిష్‌లోనూ ఉంది. చుట్టరికం లేకపోయినా పోలిక పనికొస్తుంది, వాడుకో. రీల్స్ మానెయ్.

సువోన్_సుబ్బు | మంగళవారం, సాయంత్రం 5:48

ఏడేళ్ళుగా సువోన్‌లో ఉంటున్నాను. నా సలహా ఒకటే: ఏ మాట తెలియక ఇబ్బంది పడ్డారో ఆ మాట జన్మలో మరిచిపోరు.

మొదటి ఏడాది జనవరి. బయట మైనస్ పది. కొత్తగా దిగిన ఒన్‌రూమ్, అంటే ఒకే గది ఇల్లు. గోడకి చిన్న డబ్బా, దాని మీద నాలుగైదు బటన్లు. అదే "పొయిల్లొ", మన బాయిలర్. కొరియా ఇళ్ళలో వేడి నేలలోంచి వస్తుంది. పాతకాలంలో వంటింటి పొయ్యి పొగని నేల కింద రాతిపలకల మధ్య నుంచి పంపేవాళ్ళు, దాన్నే "ఓన్దోల్" అంటారు. ఇప్పుడు పొగ బదులు గొట్టాల్లో వేడినీళ్ళు. నాకు ఇంతవరకు తెలుసు. బటన్లే తెలియవు. "ఓన్సు" కనిపించింది. ఓన్ అంటే వేడి అని ఎక్కడో చదివినట్టు గుర్తు, నొక్కేశాను. ఎర్ర లైటు వెలిగింది, హాయిగా పడుకున్నాను.

తెల్లవారుజామున మూడింటికి రెండు జీన్స్ ప్యాంట్లు, సూట్‌కేసులో ఉన్న పెళ్ళి శాలువా కప్పుకుని కూర్చున్నాను. ఓన్సు అంటే కుళాయిలో వచ్చే వేడినీళ్ళు మాత్రమే. గది వేడెక్కాలంటే "నన్‌బాంగ్" నొక్కాలి. పక్కన "వేఛుల్" అని ఇంకోటి ఉంటుంది, అది బయటికి వెళ్ళేటప్పుడు నొక్కేది. ఈ మూడు మాటలు నాకు ఏ యాప్ నేర్పలేదు, శాలువా నేర్పింది.

ఓన్దోల్ నుంచే ఇంకో మాట, "ఆరెన్‌మోక్". పాత ఇళ్ళలో పొయ్యికి దగ్గరగా, బాగా వెచ్చగా ఉండే నేల భాగం. ఇంటికి వచ్చిన పెద్దలకి, అతిథులకి ఆ చోటు ఇచ్చేవాళ్ళు. దూరంగా చల్లగా ఉండేది "విన్‌మోక్". మా ఆఫీసులో యాభై దాటినవాళ్ళు ఆరెన్‌మోక్ అంటే చాలు, వాళ్ళ అమ్మమ్మ అక్కడ దుప్పటి కింద అన్నం గిన్నె దాచిపెట్టేదని మొదలుపెడతారు. వేడి ఆరకుండా.

"పెరాన్‌ద" విన్నారా? వరండానే. ఆ మాట ఇంగ్లీషులోకి మన దేశం నుంచే పోయింది, అక్కడి నుంచి కొరియా చేరింది. కాకపోతే వాళ్ళది అరుగులా ఉండదు. అపార్ట్‌మెంట్‌కి అద్దాలు బిగించిన బాల్కనీ, అందులో బట్టల స్టాండు, ఉల్లిపాయల సంచి, కిమ్చి ఫ్రిజ్. సంక్రాంతికి అమ్మతో వీడియో కాల్ చేసి "వరండాలో ఉన్నా" అంటే, "చలిలో బయటెందుకురా" అని కంగారుపడింది.

లైటు గురించి కూడా చెప్పాలి. "పుల్" అంటే నిప్పు. లైటు వెయ్యి అనడానికి కూడా నిప్పు వెలిగించు అనే అంటారు. మనం దీపం ఆర్పెయ్ అన్నట్టే.

పెన్నాతీరం | మంగళవారం, రాత్రి 8:15

సుబ్బన్నా, ఆ శాలువా మాట చదివి మా ఇంట్లో అందరికీ చెప్పాను. మాకు ఏప్రిల్ వస్తే నేల బండలు వాటంతటవే ఓన్దోల్ అయిపోతాయి, బటన్ కూడా అక్కర్లేదు.

అద్దె మాటలు కూడా చెప్పవా? ఆమె "చొన్‌సె" అని అడిగింది, నేను నెల అద్దె అనుకుని తలూపాను.

సువోన్_సుబ్బు | మంగళవారం, రాత్రి 9:02

తల ఊపావా, అయిపోయింది! నెలనెలా కట్టేది "వోల్‌సె". చొన్‌సె అంటే ఒకేసారి పెద్ద మొత్తం ఓనర్ చేతిలో పెట్టి, అద్దె లేకుండా మామూలుగా రెండేళ్ళు ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. నీకు కొత్తేం కాదు, బెంగళూరులో లీజుకి ఇల్లు తీసుకోవడం ఇదే. మీ వైపు భోగ్యం అంటారు కదా. ఇంగ్లీషులో ఒక పేరా రాయాల్సినదానికి నీ దగ్గర ఒక్క మాట రెడీగా ఉంది. ఈ మధ్య ఆ డబ్బు తిరిగి రాక కుర్రాళ్ళు చాలామంది రోడ్డున పడ్డారు, అందుకని వార్తల్లో కూడా ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది.

వోల్‌సెలోనూ అడ్వాన్సు ఉంటుంది, "పోజుంగ్‌గుమ్". మెయింటెనెన్స్ "క్వాల్లిబి". ఓనర్ "చిప్‌జుఇన్". ఇళ్ళ బ్రోకర్ ఆఫీసు "పుదోంగ్‌సన్". కొలత "ప్యొంగ్", 3.3 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు నాలుగు గజాలు. 2007లో ప్రభుత్వం వ్యాపార లావాదేవీల్లో ప్యొంగ్ వాడొద్దని కట్టడి చేసింది, జనం మాత్రం ఇంటి సైజు ఇప్పటికీ ప్యొంగ్‌లోనే చెప్పుకుంటారు.

టోపిక్‌టెన్షన్ | మంగళవారం, రాత్రి 9:30

ఇవేవీ టోపిక్ ఒకటిలో రావు.

సువోన్_సుబ్బు | మంగళవారం, రాత్రి 9:33

చలి కూడా రాదు తమ్ముడూ.

బూసాన్_కోడలు | బుధవారం, మధ్యాహ్నం 1:20

లేటుగా చూశాను. మాది గుంటూరు, మా ఆయన కొరియన్, బూసాన్‌లో కాపురం. ఇంటి మాటలంటే కుర్చీలూ బల్లలే అనుకుంటున్నారు, ఇంట్లో మనుషులుంటారు కదా!

"చిప్‌సారమ్" అంటే అక్షరాలా ఇంటి మనిషి, అంటే భార్య. మొగుళ్ళు బయటివాళ్ళతో "మా ఆవిడ" అనాల్సిన చోట వాడే మాట. నేను పెళ్ళైన కొత్తలో, మన వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి "మా ఇంట్లో వాళ్ళు" అంటారు కదా అని, మా అత్తగారి స్నేహితురాళ్ళ ముందు మా ఆయన్ని "ఉరి జిప్‌సారమ్" అన్నాను. నిశ్శబ్దం. తర్వాత ఒకటే నవ్వులు. మొగుణ్ణి అనాలంటే "పాక్కత్‌యాంగ్‌బన్", బయటి పెద్దమనిషి అని. ఇప్పటి పిల్లలు ఈ రెండూ పెద్దగా వాడరు, వినిపిస్తే అర్థం కావాలి అంతే.

పెళ్ళైన ఆడదాని పుట్టిల్లు "ఛిన్‌జోంగ్", అత్తిల్లు "సిదేక్". ఇక్కడా పుట్టింటి మాట ఎత్తితే ఆడవాళ్ళ గొంతు మెత్తబడుతుంది. కుటుంబాన్ని "సిక్కు" అంటారు, కలిసి తినే నోళ్ళు అని అర్థం.

గడప "మున్‌జిబాంగ్". గడప తొక్కితే అదృష్టం పోతుందని మా అత్తగారు నన్ను కోప్పడింది. గడప మీద కూర్చోవద్దని మా నాయనమ్మ వేసిన మొట్టికాయే గుర్తొచ్చింది. ఇల్లు మారడం "ఇసా". దానికీ మంచిరోజులున్నాయి, "సోన్ ఒమ్నున్ నల్". చాంద్రమాన తేదీ తొమ్మిదితో గానీ సున్నాతో గానీ ముగిసే రోజులు, దుష్టశక్తి అడ్డు రాదని నమ్మకం. ఆ రోజుల్లో సామాను లారీ రేటు పెంచేస్తారు. శ్రావణమాసంలో మన పురోహితులు దొరకనట్టే.

"చిప్‌దురి" అంటే గృహప్రవేశం అనుకోకండి. పూజా పాలు పొంగించడం ఉండవు. దిగాక సర్దుకుని తెలిసినవాళ్ళని భోజనానికి పిలవడం. దానికి టాయిలెట్ పేపర్ రోల్సూ, బట్టల సబ్బు పొడీ పట్టుకెళ్తారు! రోల్ సాగినట్టు పనులు సాఫీగా సాగాలని, నురగ పొంగినట్టు సిరి పొంగాలని.

మండువాలోగిలి | బుధవారం, సాయంత్రం 4:40

పాలు పొంగాల్సిన చోట నురగ పొంగింది, బాగుంది తల్లీ.

రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. వంటిల్లు "పుఒక్", తలుపు "మున్". రెండూ కలిస్తే "పుఒక్‌మున్" అని పలకరు, "పుఒంగ్‌మున్" అంటారు. పిల్లలు ఎందుకని జుట్టు పీక్కుంటారు. వాక్ ప్లస్ మయం వాఙ్మయం అయినట్టే. పదో తరగతిలో అనునాసిక సంధి రాదని ఏడ్చినవాళ్ళంతా కొరియన్‌లో దాన్నే మళ్ళీ చదువుతున్నారు.

రెండోది, హన్ఓక్ అని వాళ్ళ పాతకాలపు ఇల్లు. వాళ్ళ మకారం అచ్చం చతురస్రంలా ఉంటుంది, పేరు "మిఉమ్". నడుమ వాకిలి వదిలి నాలుగు వైపులా గదులు కట్టిన ఇంటిని మిఉమ్ ఆకారపు ఇల్లు అంటారు. మా మండువా ఇల్లు అంతే, నడిమధ్య వాన పడుతుంది. వాళ్ళ వాకిలి "మాదాంగ్", చెక్కల వసారా "మారు". నా పేరులోని లోగిలిని ఆ బొమ్మతోనే మా మనవరాలికి చూపించాను. "తాతా, మీ ఇల్లు మ" అంది.

పెన్నాతీరం | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10:10

అప్‌డేట్ ఇవ్వడానికి వచ్చాను. ఆమె అదే ఇంట్లో దిగింది, భోగ్యం కాదు, వోల్‌సెనే. ఈ పన్నెండు రోజులూ లిస్టు పక్కనపెట్టి, ఇంట్లో ఏ పని చేసినా అది పైకి చెప్పుకుంటూ చేశాను. తలుపు వేస్తూ, లైటు తీస్తూ, అంట్లు తోముతూ. అంట్లు తోమడం "సొల్గొజి". ఆ మాటంటే ఇప్పుడు చేతులు వాటంతటవే బూడిద రాసుకుంటున్నాయి.

నిన్న చిప్‌దురికి పిలిచింది. బజారంతా తిరిగి పన్నెండు రోల్స్ కట్ట, రెండు కిలోల సబ్బు పొడి తీసుకెళ్ళాను. షాపు అతను "ఫంక్షన్‌కా?" అని అనుమానంగా చూశాడు. ఆమె తలుపు తీసి, చేతిలో ఉన్నవి చూసి "ఒమొ, ఒత్తొకె ఆరస్సొయో?" అంది. అయ్యో, నీకెలా తెలిసింది అని. చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఇల్లంతా తిప్పి ఒక్కో గదీ చూపించింది. ఈసారి రొట్టెలు ఎక్కడా దొర్లలేదు.

ఒక్క దగ్గర ఆగిపోయాను. కింది వాటా ఓనర్ భార్య పొద్దున్నే వీళ్ళ గుమ్మం ముందు కూడా ముగ్గు వేసి వెళ్తోందట. ఇదేంటి అని అడిగింది. ముగ్గుకి కొరియన్ మాట ఏంటి?

బూసాన్_కోడలు | అదే రాత్రి, 10:42

లేదు. "స్సల్‌గరు కురిమ్", బియ్యప్పిండి బొమ్మ అని వివరించొచ్చు, కానీ అది వివరణే. ముగ్గు అనే చెప్పెయ్.

పెన్నాతీరం | మర్నాడు, ఉదయం 7:30

చెప్పాను అక్కా. ఆమెకి గకారం ఒత్తి పలకడం రాదు, క్క అయిపోతుంది. ఇందాకే కింది ఆంటీని పిలిచి, "మీరు మా గుమ్మంలో పెట్టిన ముక్కు చాలా బాగుంది" అని నా చేత చెప్పించుకున్న తెలుగులో మెచ్చుకుంది. ఆంటీ ముక్కు తడుముకుంటోంది.